ఒకే హెడ్‌ఫోన్‌ను ముగ్గురు మూడు తీరులుగా వింటే ఎవరి చెవిని నమ్మాలి?

మీరు అడిగినదాన్ని నాకు అర్థమైన మేరకు ముందుగా క్లుప్తంగా చెబుతాను; పొరపాటు ఉంటే సరిదిద్దండి. గుణుపురంలో మీరు, జయపురంలో మీ పెదనాన్నగారు, రాయగడలో మీ మిత్రుడు కలిసి, ఎవరో వాడి అమ్మిన సెన్‌హైజర్ హెచ్‌డీ 600 హెడ్‌ఫోన్ ఒకటి కొన్నారు. నెలకొకరి దగ్గర ఉంచుకుంటున్నారు. మొదటి నెల మీ వంతు. ఇంట్లో అందరూ పడుకున్నాక ఫోనుకు తగిలించుకుని వింటే అది మీకు చప్పగా, అడుగున బలం లేనట్టుగా అనిపించింది. రెండో నెల పెదనాన్నగారు తమ వాల్వుల ఆంప్లిఫయరుకు తగిలించి ఘంటసాల పాత పాటలు విని, మనిషి గొంతును ఇంత బాగా పలికిన పరికరం ఇంకొకటి తాము ఎరగమన్నారు. మూడో నెల మీ మిత్రుడు పన్నెండు వేల రూపాయలు పెట్టి కొత్త కేబుల్ తెప్పించుకుని, చెవిలో గులిమి తీసినట్టయిందన్నారు. హెడ్‌ఫోన్ల కొలతల గ్రాఫులు చూసే మరో మిత్రుడు మీ ముగ్గురి మాటలనూ కలిపి భ్రమ కింద కొట్టిపారేశారు. ఎవరి చెవి సరైనది, మీ వాటా అమ్ముకోవాలా ఉంచుకోవాలా అన్నది మీ సందేహం.

నేను పర్లాకిమిడిలో ముప్పై ఏళ్లకు పైబడి రేడియోలు, టీవీలు, ఆంప్లిఫయర్లు బాగుచేస్తూ, పెళ్లిళ్లకూ ఊరేగింపులకూ మైకు సెట్లు అద్దెకిస్తూ బతికినవాణ్ణి. హెడ్‌ఫోన్ల పిచ్చి పట్టుకుని పదిహేనేళ్లయింది. సూటిగా చెప్పాలంటే, మీలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, కానీ మీ ముగ్గురి చెవుల్లోకి వెళ్లిన శబ్దం ఒకటి కాదు. వస్తువు ఒకటే కదా అని శబ్దం కూడా ఒకటే అనుకుని, మిగిలిన తేడానంతా అభిరుచి ఖాతాలో రాసేయడం వల్లనే ఇలాంటి తగవులు ఏళ్ల తరబడి తెగవు. ఎవరి చెవిదాకా ఏం వచ్చిందో ముందు తేల్చుకుంటే, ఆ తరువాత వాదించుకోవడానికి మిగిలేది మీరు అనుకుంటున్నదానికంటే చాలా తక్కువ.

చెవితోనే మొదలుపెడతాను. 1990లలో నా దుకాణం బల్ల మీద ఎప్పుడు చూసినా రెండు మూడు పిక్చర్ ట్యూబు టీవీలు వెనక మూత విప్పి ఉండేవి. మన దేశపు టీవీ పద్ధతిలో తెర మీద సెకనుకు 15,625 గీతలు పడేవి కనుక, ఆ గీతలను నడపడానికి లోపల ఉండే ఎల్.ఓ.టి. అనే ట్రాన్స్‌ఫార్మరు అదే ఫ్రీక్వెన్సీలో సన్నగా కూత పెట్టేది. తెర వైపు చూడకుండానే ఆ కూతను బట్టి సెట్టు లేచిందో లేదో చెప్పేవాణ్ణి. ఒకనాడు పని నేర్చుకుంటున్న కుర్రాడు, "మాస్టారూ, ఈ సెట్టు మరీ కీచుమంటోంది" అన్నాడు. నాకేమీ వినపడలేదు. సెట్టు ఆగిపోయిందేమో అని వంగి చూస్తే తెర మీద బొమ్మ చక్కగా ఆడుతోంది. అప్పటికి నాకు నలభై దాటి రెండు మూడేళ్లు. 20 హెర్ట్‌జ్ నుంచి 20,000 హెర్ట్‌జ్ దాకా అని పుస్తకాల్లో రాసే వినికిడి పడుచు వయసు చెవికి సంబంధించినది. వయసుతో పాటు అది పైనుంచి కిందికి తరుగుతూ వస్తుంది, ఆ తరుగుదల ఎంత మెల్లగా జరుగుతుందంటే ఎవరో ఒకరు చెప్పేదాకా మనకు తెలియదు. కనుక మీ పెదనాన్నగారికి మృదువుగా వినిపించే పై స్వరాలు మీకు గుచ్చుకోవచ్చు. మీకు సమంగా ఉన్నవి ఆయనకు మూసుకుపోయినట్టు ఉండవచ్చు. ఇద్దరి మాటా నిజమే.

వయసు ఒక్కటే కాదు. నా స్నేహితుడు ఒకాయన పాతికేళ్లు రైసు మిల్లులో యంత్రం పక్కన నిలబడ్డారు. ఆయనకు బేయర్‌డైనమిక్ డీటీ 990 తప్ప మరేదీ నచ్చదు, మిగిలినవన్నీ దుప్పటి కప్పుకుని పాడినట్టు ఉంటాయంటారు. 8,000 హెర్ట్‌జ్ చుట్టుపక్కల శబ్దం ఒక్కసారిగా పెరిగి, గ్రాఫులో మొన తేలి ఉండడం వల్ల ఆ మోడలు మాలో చాలామందికి 'స' అక్షరం దగ్గర చెవిని కోసినట్టుంటుంది. అందుకని ఆయన చెవి పాడైపోయిందని వేళాకోళం చేసేవాళ్లం. చివరికి బరంపురంలో వినికిడి పరీక్ష చేయించుకుంటే, ఎడతెగని మోతలో పనిచేసిన వాళ్లకు సాధారణంగా కనిపించే గుంట ఆయన కాగితం మీదా కనిపించింది. అది 4,000 హెర్ట్‌జ్ దగ్గర మొదలై పక్కలకు విస్తరించే గుంట. ఆయన ఎంచుకున్న హెడ్‌ఫోన్ ఆయనకు పోయిన భాగంలో కొంత పూడుస్తోంది. ఆ రోజు నుంచి మేం వేళాకోళం మానేశాం. అయితే ఆయన సలహా మీద ఎవరైనా డీటీ 990 కొంటానంటే మాత్రం ఆపుతాను.

ఆరోగ్యంగా ఉన్న చెవుల్లోనూ తేడాలు చిన్నవి కావు. చెవి నాళం సుమారు 2.5 సెంటీమీటర్ల పొడవున, ఒక చివర కర్ణభేరితో మూసి ఉన్న గొట్టం. వెదురు గొట్టంలోకి ఊదితే దాని పొడవును బట్టి ఒక స్వరం పలికినట్టే, ఈ గొట్టం కూడా 3,000 హెర్ట్‌జ్ ప్రాంతాన్ని పది డెసిబెల్‌ల వరకు, ఒక్కొక్కరిలో అంతకు మించి పెంచి లోపలికి పంపుతుంది. దానికి తోడు చెవి డొప్ప మడతలు, తల వెడల్పు, భుజాలు శబ్దానికి తమ ముద్ర వేస్తాయి. ఎదురుగా స్పీకరు పెట్టుకుని వింటే ఇవన్నీ మన శరీరం తనంతట తాను చేసుకుంటుంది, పుట్టినప్పటి నుంచి మనం అలాగే వింటున్నాం. హెడ్‌ఫోన్ ఈ దారిలో చాలా భాగాన్ని తప్పించి నేరుగా చెవి పక్కన కూర్చుంటుంది కాబట్టి, తయారు చేసేవారు ఆ పెంపును ముందుగానే అందులో కలపవలసి వస్తుంది. ఎవరి చెవి కొలతతో కలుపుతారు? సగటు చెవి కొలతతో. దర్జీ దగ్గర కొలతలిచ్చి కుట్టించుకున్న చొక్కా కాదు ఇది, బజారులో వేలాడుతున్నది. భుజాల దగ్గర కొందరికి సరిగ్గా కూర్చుంటుంది, కొందరికి కూర్చోదు. 2009లో వచ్చిన సెన్‌హైజర్ హెచ్‌డీ 800కి 6,000 హెర్ట్‌జ్ దగ్గర ఒక మొన ఉండేది. కొందరు దాన్ని స్పష్టత అన్నారు, కొందరు భరించలేమన్నారు. 2016లో వచ్చిన హెచ్‌డీ 800 ఎస్‌లో తయారీదారే ఆ మొనను పీల్చుకునే ఏర్పాటు పెట్టాడు. అయినా మొదటిదే నయమనే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు, వాళ్లను నేను మూర్ఖులనను.

ఇక తల మీద ఎలా కూర్చున్నదన్నది. చుట్టూ మూసి ఉండే హెడ్‌ఫోన్‌లో ప్యాడ్ చర్మానికి ఆనుకోకుండా కళ్లజోడు కాడ దగ్గర సన్నని సందు ఏర్పడినా చాలు, అడుగు స్వరాలు, అంటే బాస్, ఆ సందులోంచి కారిపోతాయి. పరీక్ష సులువు: వింటూ ఉండగా రెండు డొప్పలనూ అరచేతులతో మెల్లగా తలకు అదమండి, బాస్ ఒక్కసారిగా పెరిగితే, మీరు అంతవరకు తిట్టుకున్నది హెడ్‌ఫోన్‌ను కాదు, సందును. చెవిలో దూర్చుకునే రకానికి రబ్బరు టిప్పు పరిమాణం ఇంతకంటే ముఖ్యం, ఎంత లోపలికి దూర్చారన్నదాన్ని బట్టి 8,000 హెర్ట్‌జ్ ప్రాంతపు మొన కూడా అటూ ఇటూ జరుగుతుంది. హెచ్‌డీ 600 వెనక భాగం తెరిచి ఉండే రకం కనుక సందు బాధ దానికి తక్కువే, కానీ దాని ప్యాడ్ లోపలి స్పాంజి ఏళ్ల తరబడి అణిగి పలచబడితే, శబ్దం పుట్టించే భాగమైన డ్రైవరు చెవికి దగ్గరగా జరిగి స్వరాల పాళ్లు మారిపోతాయి. మన వైపు, ముఖ్యంగా గోపాలపురం, బరంపురం లాంటి సముద్రం గాలి తగిలే చోట, తోలును పోలిన ప్యాడ్లయితే రెండు వానాకాలాలకే నల్లగా పొరలు లేచి మెడకు అంటుకుంటాయి. పది వేల రూపాయల కొత్త హెడ్‌ఫోన్ కోసం వచ్చినవాళ్లను కొత్త ప్యాడ్లు కొనుక్కోమని వెనక్కి పంపిన సందర్భాలు నా దగ్గర చాలానే ఉన్నాయి.

మీరు ఉత్తరంలో ఎక్కడో మధ్యలో ఒక చిన్న వాక్యం రాశారు, దానిమీద మీరు ఆగినట్టు లేదు: మీ మిత్రుడు కేబుల్‌తో పాటు "ప్యాడ్లు కూడా కొత్తవి వేశాడు" అని. ఈ ఒక్క వాక్యం కోసమే మీ సందేహానికి ఇంత పొడుగు జవాబు రాయాలనిపించింది. దాని సంగతి కిందకు వస్తాను.

అంతకు ముందు శబ్దం గట్టిదనం. నేను చూసిన హెడ్‌ఫోన్ తగవులన్నింటిలోకీ ఎక్కువ తగవులకు మూలం ఇదే, ఎవరూ పట్టించుకోనిదీ ఇదే. మన చెవి అన్ని స్వరాలనూ ఒకే తూకంతో తూచదు. శబ్దం తగ్గించే కొద్దీ అడుగు స్వరాలు మిగిలినవాటికంటే త్వరగా చెవికి దూరమవుతాయి. ఫ్లెచర్, మున్సన్ అనే ఇద్దరు దీన్ని 1933లోనే కొలిచి గీతలు గీసి చూపించారు. మీరు రాత్రిపూట, పక్కవాళ్లకు నిద్రాభంగం కాకూడదని మెల్లగా పెట్టుకుని విన్నారు. హెచ్‌డీ 600 డ్రైవరు 300 ఓంలది, అంటే కరెంటుకు అది పెట్టే అడ్డు ఎక్కువ, ఫోను నుంచి వచ్చే కొద్దిపాటి వోల్టేజీతో అది పెద్దగా పలకదు. పైగా ఈ మోడలు బాస్ స్వభావరీత్యా అడుగుకు వెళ్లే కొద్దీ తగ్గుతూ పోతుంది. మీరు వినేవి డప్పు, సింథసైజరు బాస్ దండిగా ఉండే ఇప్పటి సినిమా పాటలు. ఈ నాలుగూ ఒకే దిక్కుకు లాగితే చప్పగా ఉందనక ఏమంటారు?

పెదనాన్నగారి వైపు చూడండి, ప్రతీదీ ఎదురు దిక్కుకు లాగుతోంది. ఆయన పగటిపూట, మీరే రాసినట్టు, "పక్క గదిలోకి వినిపించేంత" గట్టిగా పెట్టుకుంటారు. 1950లు, 60ల నాటి సినిమా పాటల రికార్డుల్లో లోతైన బాస్ అసలే లేదు, పై స్వరాలూ పరిమితమే. ఉన్నదంతా మధ్యలో, గొంతు దగ్గర. హెచ్‌డీ 600 తన పేరు నిలబెట్టుకున్నది సరిగ్గా ఆ భాగంలోనే. ఇక వాల్వుల ఆంప్లిఫయరు సంగతి గ్రాఫుల మిత్రుడు తెలుసుకోవలసినది. పాతకాలపు వాల్వు ఆంప్లిఫయర్లలో చాలావాటికి బయటికి వచ్చే చోట అడ్డు ఎక్కువ, వంద ఓంలు దాటినవీ ఉంటాయి. హెచ్‌డీ 600కి 300 ఓంలని అట్ట మీద రాసినా, అడుగు స్వరాల్లో ఒక చోట దాని అడ్డు 500 ఓంలు దాటుతుంది. 120 ఓంల ఆంప్లిఫయరుకు తగిలిస్తే వోల్టేజీలో ఎక్కువ వాటా అడ్డు ఎక్కువ ఉన్న చోటికే పోతుంది కనుక, లెక్క వేస్తే అక్కడ బాస్ మిగిలిన స్వరాలకంటే సుమారు ఒక డెసిబెల్ పెరుగుతుంది. పెద్ద అంకె కాదు, కానీ వెడల్పాటి భాగంలో వచ్చే ఒక డెసిబెల్ చెవికి తెలుస్తుంది. వాల్వు సెట్టులో 'వెచ్చదనం' ఉందని ఆయన అంటే నవ్వకండి. ఆ వెచ్చదనాన్ని మీటరు మీద చూపించవచ్చు.

గట్టిదనం విషయంలో ఒక పక్కమాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకు 80 డెసిబెల్‌ల వద్ద వారానికి 40 గంటలు హద్దు. 90 డెసిబెల్‌లయితే అది 4 గంటలకు పడిపోతుంది. పక్క గదిలోకి వినిపించేంత అంటే పెదనాన్నగారు ఏ హద్దులో ఉన్నారో ఒకసారి చూడమని మీరే నెమ్మదిగా చెప్పండి.

ఇప్పుడు కేబుల్. ఒక సాధారణ హెడ్‌ఫోన్ కేబుల్ అడ్డు అర ఓం, ఖరీదైన దానిది ఐదో వంతు ఓం అనుకుందాం. 300 ఓంల డ్రైవరు ముందు ఈ రెండింటి మధ్య తేడా డెసిబెల్‌లో నూరో వంతుకు మించదు, ఆ తేడా కూడా అన్ని స్వరాలకూ ఇంచుమించు ఒకటే. మనిషి చెవికి అది అందదు. చెవిలో దూర్చుకునే బహుళ డ్రైవర్ల రకం కొన్నింటికి కొన్ని ఫ్రీక్వెన్సీల వద్ద అడ్డు ఎనిమిది ఓంలకు దిగి, మరికొన్ని చోట్ల నలభైకి లేస్తుంది. వాటిలో ఇదే కేబుల్ మార్పు పావు డెసిబెల్ దాకా తేడా తేవచ్చు. అందువల్ల కేబుల్ మారిస్తే శబ్దం మారనే మారదని ఒట్టు పెట్టుకునేవారూ తొందరపడుతున్నట్టే. అయితే మీ మిత్రుడి చేతిలో ఉన్నది హెచ్‌డీ 600. అక్కడ కేబుల్ ఖాతాలో రాయదగినది దాదాపు ఏమీ లేదు.

ఆయన విన్న మార్పు అబద్ధమా? కాదంటాను. అణిగిపోయిన ప్యాడ్లు తీసి కొత్తవి వేస్తే మార్పు రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. ఒకే రోజున రెండు మార్పులు చేసి, ఖరీదైన దానికి ఘనత కట్టబెట్టడం మానవ సహజం. ఆరు వందల రూపాయల ప్యాడ్లకు ఆ ఘనత ఇవ్వడానికి మనసొప్పదు. ఈ మాట ఆయనను ఎత్తిపొడవడానికి అనడం లేదు, ఇంతకంటే హీనంగా నేనే మోసపోయాను కనుక అంటున్నాను. ఒకసారి నా సొంత ఆంప్లిఫయరులో పాత ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు తీసి ఫిల్మ్ కెపాసిటర్లు వేద్దామని కూర్చున్నాను. ఎడమ చానలు పూర్తయ్యేసరికి కరెంటు పోయింది. భోజనం చేసి, కరెంటు వచ్చాక పని పూర్తయిందన్న భ్రమలోనే మూత బిగించి, అర్ధరాత్రి దాకా విన్నాను. గాయకుడి గొంతు ఒక అడుగు ముందుకు వచ్చింది, తంబూర తీగల గరుకుదనం ఇంతకు ముందెప్పుడూ ఇంత తేటగా లేదు, రెండు చెవుల్లోనూ అంతే. తెల్లవారి బల్ల మీద చూస్తే కుడి చానలుకు వేయవలసిన కొత్త కెపాసిటర్లు రెండూ కాగితం పొట్లంలో అలాగే ఉన్నాయి. కొత్త కెపాసిటర్ల వల్ల నిజంగా ఎడమ పక్క శబ్దం మారి ఉంటే గొంతు మధ్యనుంచి ఒక పక్కకు జరిగినట్టయినా అనిపించాలి, అదీ అనిపించలేదు. ఎదురుచూపుకు అంత శక్తి ఉంది, వృత్తి అనుభవం దాని నుంచి ఏమీ కాపాడదు.

దీనికి విరుగుడు చూడకుండా వినడమే. బరంపురం మిత్రుడు ఒకరు ఇటువంటి కేబుల్‌నే తెచ్చినప్పుడు, మా మేనల్లుడు నాణెం ఎగరేసి ఏ కేబుల్ తగిలించాలో నిర్ణయించుకుని, ఆయన వీపు వెనక నుంచి అందించేవాడు. ఆయన కళ్లకు తువ్వాలు కట్టుకుని, తీగ చేత్తో తడమకుండా విని ఏదో చెప్పేవారు. పది విడతల్లో ఆరు సరిగ్గా చెప్పారు. ఆయన సంతోషించారు గాని, ఏమీ వినకుండా నోటికొచ్చింది చెప్పినా పదింటిలో ఆరుగాని అంతకు మించిగాని సరిపోయే అవకాశం వందకు 38. తొమ్మిదో పదో చెప్పి ఉంటే నేను నమ్మేవాణ్ణి, ఎందుకంటే గుడ్డిగా అది జరిగే అవకాశం వందకు ఒకటి. ఆ కేబుల్‌ను ఆయన ఇప్పటికీ వాడుతున్నారు. మెత్తగా ఉంటుంది, చొక్కాకు రాసుకున్నప్పుడు గరగర రాదు అంటారు. అది పూర్తిగా న్యాయమైన కారణం. డబ్బు ఆయనది.

రెండు ఆంప్లిఫయర్లనో, డిజిటల్ పాటను విద్యుత్ సంకేతంగా మార్చే డాక్ (DAC)లు రెండింటినో పోల్చదలచుకుంటే కళ్లు కట్టుకోవడం ఒక్కటే చాలదు, గట్టిదనం కూడా సరిపోల్చాలి. అర డెసిబెల్ ఎక్కువగా ఉన్నది మనకు గట్టిగా ఉన్నట్టు కాకుండా, మెరుగ్గా ఉన్నట్టు తోస్తుంది, చిక్కంతా అక్కడే. హెడ్‌ఫోన్ తగిలించి ఉండగా, దానికి పోయే వోల్టేజీని ఒక స్థిరమైన స్వరంతో కొలిచి, రెండింటినీ ఒకే అంకెకు తెచ్చుకోండి. స్వరం 100 హెర్ట్‌జ్ నుంచి 400 లోపు ఉండాలి, ఎందుకంటే చాలా మీటర్ల ఏసీ కొలత ఆ పరిధి దాటితే నమ్మదగినది కాదు. బజారులో దొరికే చవక పసుపు మీటరుతో ఈ పని జరగదు. దాని ఏసీ కొలత 200 వోల్టుల రేంజితో మొదలవుతుంది, మనకు కావలసినదేమో వోల్టులో పదో వంతులు. మిల్లీవోల్టు ఏసీ చూపించేది ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. రెండు వేర్వేరు హెడ్‌ఫోన్లను పోల్చడానికి మాత్రం ఈ పద్ధతి పనికిరాదు, ఒకే వోల్టేజీకి అవి వేర్వేరుగా పలుకుతాయి. అక్కడ చెవితోనే, ఓపికగా సరిచూసుకోవాలి.

ఇవన్నీ సరిచేశాక కూడా తేడా మిగులుతుందా అంటే, మిగులుతుంది. ఆడియో పరికరాలు తయారుచేసే హార్మన్ సంస్థలో షాన్ ఆలివ్, టాడ్ వెల్టీ, వారి సహచరులు 2012 ప్రాంతం నుంచి, ఏ హెడ్‌ఫోనో తెలియకుండా జనానికి వినిపించి ఎటువంటి స్వరాల పాళ్లు నచ్చుతాయో వెతికారు. వారు తేల్చిన గీతకు దగ్గరగా ఉన్నవి 64 శాతం శ్రోతలకు నచ్చాయని, 15 శాతానికి బాస్ అంతకంటే ఎక్కువ, 21 శాతానికి అంతకంటే తక్కువ కావాలని ప్రకటించారు. తక్కువ కోరిన వర్గంలో యాభై దాటిన వాళ్ల పాలు ఎక్కువ. మీ గ్రాఫుల మిత్రుడు ఆ గీతను చూపించి ఇదే సత్యం అంటే, ఆ పరిశోధన ప్రకారమే నూటికి 36 మంది దాని బయట ఉన్నారని గుర్తుచేయండి. అలాగని 'ఎవరి రుచి వారిది, కొలతలు దండగ' అనేవారికీ అందులో ఊరట లేదు: ఆ వర్గాలు ముఖ్యంగా బాస్ ఎంత అన్న దగ్గరే విడిపోయాయి. ఉప్పు కాస్త ఎక్కువ, కాస్త తక్కువ అన్నంత తేడానే తప్ప, ఒకరికి చింతపండు పులుసు, మరొకరికి పాయసం అన్నంత దూరం కాదు. ధరకూ స్వరాల తీరుకూ సంబంధమైతే అసలే లేదు. యెరూన్ బ్రేబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్ల కొలతలు తీసుకుని చూసి 2017లో ఆ మాటే తేల్చారు.

మిగిలిన తేడాలో అలవాటు వాటా కూడా కొంత ఉంది. మా కాలంలో పెళ్లి పాట అంటే వేపచెట్టుకు కట్టిన హారన్‌లోంచి వచ్చేది. దానిలో అడుగు స్వరాలు దాదాపు ఉండవు, గొంతు మాత్రం రెండు వీధుల అవతలకు వెళ్తుంది. ఇప్పటి కుర్రాళ్లు డీజే బాక్సుల ముందు, బాస్ గుండెకు తగిలేలా పెరిగారు. పాట ఇలా ఉండాలి అని మన లోపల స్థిరపడిన నమూనా అక్కడి నుంచి వచ్చినదే, హెడ్‌ఫోన్‌ను ఆ నమూనా పక్కన పెట్టి చూస్తాం. రెండు వారాలు ఒకే హెడ్‌ఫోన్ వాడితే ఆ నమూనా కొంత జరుగుతుంది. వాడుక మీద డ్రైవరు 'మెత్తబడింది' అని జనం చెప్పుకునే మాటలో ఎక్కువ భాగం, మెత్తబడినది మనమే.

అన్నింటికంటే నాకు విసుగు పుట్టించేవి మాటలు. మా ఒడియా మిత్రుడు ఒకాయన ఫలానా హెడ్‌ఫోన్ 'మిఠా'గా ఉందంటే, గొంతులు తీయగా ఉన్నాయని అర్థం చేసుకుని రెండేళ్లు ఆయన మాట మీద కొనుగోళ్లు చేశాను. ఆయన ఉద్దేశం పై స్వరాలు తగ్గి ఉన్నాయని మాత్రమే. స్టీరియోఫైల్ అనే ఆడియో పత్రికను 1962లో స్థాపించిన జె. గోర్డన్ హోల్ట్ ఈ విధమైన వర్ణనకు ఒక పదజాలాన్ని అలవాటు చేశారు. ఆ మాటలనే మనం వార్మ్, బ్రైట్, ఎయిరీ అని తెలుగు లిపిలో రాసుకుని, ఒక్కొక్కరం ఒక్కొక్క అర్థంలో వాడుతున్నాం. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తిగారు పాఠం చెప్పిన ఊరివాణ్ణి కాబట్టి నా పక్షపాతం వాడుక మాటల వైపే. ముక్కుతో పాడినట్టుంది, కుండలోంచి మాట్లాడినట్టుంది, 'స' దగ్గర కోస్తోంది అంటే, అవతలివాడు అదే పాట పెట్టుకుని అదే చోట సరిచూసుకోగలడు. పాట పేరు, ఎన్నో నిమిషం అన్నది కూడా రాస్తే ఇంకా మంచిది.

మీ వాటా సంగతి. ఇప్పుడే అమ్మకండి. వచ్చే నెల హెడ్‌ఫోన్ మళ్లీ మీ దగ్గరకు కొత్త ప్యాడ్లతో వస్తుంది. అది మీరు మొదటి నెల విన్నది కాదు. ఈసారి ఫోనుకు నేరుగా తగిలించకుండా, ఫోనుకూ హెడ్‌ఫోన్‌కూ మధ్య తగిలించే, కొద్దిగా ఎక్కువ వోల్టేజీ ఇవ్వగల డాంగిల్ గానీ చిన్న ఆంప్లిఫయరు గానీ ఎవరిదైనా అరువు తెచ్చుకోండి. ఫోనులో స్వరాల పాళ్లు మార్చే ఈక్వలైజరు యాప్ పెట్టుకుని 105 హెర్ట్‌జ్ కింద ఉన్నదంతా నాలుగు డెసిబెల్‌లు పెంచి, మొత్తం శబ్దాన్ని అదే నాలుగు తగ్గించండి, లేకపోతే గట్టి చోట్ల స్వరం పగులుతుంది. ఆరుకు మించి పెంచితే ఈ డ్రైవరు బొంగురుపోతుంది. పదిహేను రోజులు ఇలా విన్నాక కూడా చప్పగానే ఉంటే, మీరు బాస్ ఎక్కువ కోరే ఆ 15 శాతంలో ఒకరు, ఇది మీ వస్తువు కాదు; పెదనాన్నగారికి మీ వాటా అమ్మేయండి, ఆయన ఆనందంగా కొంటారు. గుణుపురం ప్యాసింజరులో వినడానికి మాత్రం దీన్ని ఏ పరిస్థితిలోనూ తీసుకువెళ్లకండి. వెనక తెరిచి ఉన్నదానిలోకి రైలు రొద మొత్తం వస్తుంది, ఆ రొద ముందుగా మింగేది బాస్‌నే. ప్రయాణానికి చెవిని మూసే చవక రకం చాలు.

ఇంకొక్క పని ఇవాళే చేయండి: పాత ప్యాడ్లు, పాత కేబుల్ పారేయవద్దని రాయగడకు ఫోను చేసి చెప్పండి. ముగ్గురూ ఒకచోట కలిసిన రోజున ముందు కేబుల్ ఒక్కటే మార్చి పది విడతలు, ఆ తరువాత ప్యాడ్లు ఒక్కటే మార్చి పది విడతలు, కళ్లు కట్టుకుని వినండి. ప్యాడ్లు తల మీద పెట్టగానే చర్మానికి తెలిసిపోతాయి కనుక ఆ రెండో దానికి కళ్లు కట్టినా ప్రయోజనం అంతంతమాత్రమే, అయినా చేయండి. వచ్చిన అంకెలు ఇక్కడ రాస్తే నేను చూస్తాను.